మందు పెట్టిన కోడలు

మా పెళ్లయిన రెండో ఏడు, బతుకమ్మ పండుగ వెళ్లిన నాలుగు రోజులకు, మా అత్తమ్మ జొన్నరొట్టె ముక్క మింగలేక రొమ్ము మీద గుద్దుకుంది. చెంబెడు నీళ్లు తాగింది. నీళ్లు కొంచెం పైకి తన్నుకొచ్చి, ఆ తర్వాత ముక్క దిగింది. "రొట్టె చెక్క లెక్క కాల్చినవ్ గదనే," అంది నన్ను చూసి. రొట్టె మెత్తగానే ఉంది. నాకు ఒళ్లు మండింది.

డెబ్భైల చివరి మాట ఇది. వరంగల్లు కొత్తవాడలో మాది జంపఖానాలు నేసే ఇల్లు. ముందు గదిలో మగ్గం, వెనక వంటిల్లు, మధ్య గదిలో మా ముగ్గురి బతుకు. మామ నేను కాపురానికి రాకముందే పోయాడు. మా ఆయన మగ్గం మీద ఉంటే, అత్తమ్మ పొద్దంతా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. నోట్లో ఎప్పుడూ తమలపాకు, అందులో పొగాకు. చాయ్ పొయ్యి మీద నుంచి దించీ దించగానే తాగేది. గ్లాసు పట్టుకుంటే నా వేళ్లు కాలేవి, ఆమెకు గొంతు కాలేది కాదు. మాట కూడా అంతే వేడిగా ఉండేది. మా ఇద్దరికీ పడేది కాదు, ఇంత వయసొచ్చాక అది దాచి చేసేదేముంది.

దీపావళి నాటికి రొట్టె పూర్తిగా మానేసింది. అన్నం మెత్తగా మెదిపి, మజ్జిగ పోసుకుని, ఒక్కో ముద్దకు ఆగి ఆగి తినేది. రవికెలు వదులయ్యాయి. నేను పక్కలు లోపలికి పట్టి కుట్లు వేసి ఇస్తే, పది రోజులు తిరక్కుండా అవీ వదులయ్యాయి.

పండక్కి నర్సంపేటకు, మా అమ్మవాళ్లింటికి వెళ్లినప్పుడు ఈ సంగతి మా చిన్నాయనతో చెప్పాను. ఆయన అక్కడ ఒక డాక్టరు దగ్గర కాంపౌండరు. మాత్రలు పొట్లాలు కడుతూ వింటున్నవాడు సగంలో చేతులు ఆపాడు.

"మొదలు రొట్టె ఆగిందన్నవ్. ఇప్పుడు అన్నం మెదిపితెనే దిగుతాందన్నవ్. మనిషి బక్కగైందా?"

"బాగ బక్కగైంది చిన్నాయినా."

"బిడ్డా, ఇది గొంతునొప్పి గాదు. తిన్నది కడుపులకు పోయే గొట్టముంటది. దాంట్ల గడ్డ పెరిగితె గిట్లనే ఐతది. మొదలు గట్టిది ఆగుతది, తర్వాత మెత్తది ఆగుతది, ఆఖరుకు నీళ్లు సుత ఆగుతయ్. నువ్వు పోంగనే పెద్ద దవాఖానకు తోలుకపోండ్రి. జర సుత ఆలస్యం చెయ్యకుండ్రి."

బస్సులో వచ్చేటప్పుడు ఆ మాటలన్నీ వరసగా గుర్తుపెట్టుకున్నాను. మా ఆయనకు ఎలా చెప్పాలి, అత్తమ్మ భయపడకుండా ఏమని తీసుకెళ్లాలి అని దారంతా ఆలోచించాను. ఇంటికి వచ్చేసరికి కాశిబుగ్గ నుంచి మా ఆడబిడ్డ వచ్చి కూర్చుని ఉంది. అత్తమ్మకు పెద్ద బిడ్డ ఆమె, మా ఆయనకు అక్క. నేను సంచి కింద పెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాను. ఆమె చెంబు తీసుకుని, తాగకుండా గోడ వారన పెట్టింది.

అప్పుడే నాకు అర్థమైంది, నేను లేని ఆ మూడు రోజుల్లో ఈ ఇంట్లో ఒక మాట పుట్టిందని.

మా వైపు మనిషికి అన్నం దిగక చిక్కిపోతుంటే మొదట అడిగే ప్రశ్న రోగమేమిటని కాదు, ఎవరి చేతి కూడు తిన్నారని. ఎవరో తిండిలో ఏదో కలిపి పెట్టారని, అది లోపల గడ్డ కట్టి మనిషిని తినేస్తుందని నమ్మకం. దాన్నే మందు పెట్టడం అంటారు. మా ఇంట్లో వంట నాది. మా ఆడబిడ్డ లెక్క ఏమిటంటే, నేను మొగుణ్ని చెప్పుచేతల్లో పెట్టుకోవాలని అతని అన్నంలో మందు కలిపాను, ఆ పూట అతను సగం తిని లేస్తే, పారేయడం ఇష్టంలేక ఆ మిగిలింది తల్లి తిన్నది. మా ఆయన నా మాట ఏనాడు విన్నాడు గనక. కూర్చోమంటే నిలబడే మనిషి. అలాంటి మందు నిజంగా దొరికితే నేనే వెతుక్కుని వెళ్లి తెచ్చుకునేదాన్నేమో.

ఇప్పుడు ఇలా వెటకారంగా చెబుతున్నాను గాని, ఆ రోజు నాకు నవ్వు రాలేదు. అయినా దవాఖాన మాట ఎత్తబోయాను. నేను నోరు తెరిచేలోపే ఆడబిడ్డ తమ్ముడితో అంది: "ఐతారం నాడు మందు తీసెటాయన దగ్గరికి తోలుకపోదం. వద్దని ఎవలంటరో నేను సూస్త. వద్దన్నోళ్లే పెట్టినోళ్లు."

నేను నోరు మూసుకున్నాను.

మందు తీసే ఆయన నర్సంపేట దారిలో ఒక పల్లెలో ఉండేవాడు. అత్తమ్మ అరచేతిలో ఏదో ఆకుపసరు పోశాడు. కాసేపటికి అది జున్నులా గడ్డ కట్టింది. చూశారా, లోపల మందు ఉన్నదన్నాడు. ఆడబిడ్డ నా వైపు చూసింది. ఆ ఆకు దూసరి తీగదని నాకు తర్వాత తెలిసింది. ఒకరోజు చేలగట్టున కోసుకొచ్చి నా చేతిలో నేనే పిండుకున్నాను. నా చేతిలోనూ అలాగే గడ్డ కట్టింది. ఎవరి చేతిలో పోసినా కడుతుంది, దాని గుణమే అంత. కానీ ఆ తెలివి అప్పుడు లేదు, ఉన్నా నా మాట వినేదెవరు.

పసరు తాగించి కక్కించాడు. కక్కులో నల్లగా ఏదో చూపించి, సగం వచ్చింది, ఇంకా సగం ఉందన్నాడు. అలా ఐదు సార్లు వెళ్లాం. ప్రతిసారీ నేనే ఆమె నుదురు పట్టుకునేదాన్ని, నోరు కడిగేదాన్ని. వచ్చేటప్పుడు బస్సులో నా భుజం మీద వాలకుండా కిటికీ ఊచకు తల ఆనించుకునేది. ఆమె కూడా నమ్మింది, అదే నాకు ఎక్కువ బాధ.

మొగుడికి చాటుగా చెప్పొచ్చు కదా అని మీరు అడగొచ్చు. ఒకరోజు నేను పెట్టిన అన్నాన్ని అతను నోట్లో పెట్టుకునే ముందు వాసన చూశాడు. నేను చూస్తున్నానని తెలిసి గబగబా తినేశాడు. ఆ తర్వాత అతనికి చాటుగా ఏదైనా చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. సంక్రాంతి ముందు మా చిన్నాయన కార్డు రాశాడు, అత్తమ్మను దవాఖానలో చూపించారా అని. ఆ కార్డు ఎవరి కంటైనా పడితే, నాకు ముందే తెలుసని, తెలిసీ దాచానని అంటారు. పొయ్యిలో పెట్టాను.

శివరాత్రి నాటికి నీళ్లు కూడా దిగలేదు. తాగింది తాగినట్టే బయటికి వచ్చింది. ఉమ్ము మింగలేక చేతిలో గుడ్డ పట్టుకుని కూర్చునేది. అది చూసి మా ఆయనే మగ్గం మీద నుంచి లేచి, ఎవరినీ అడగకుండా రిక్షా పిలుచుకొచ్చాడు.

పెద్ద దవాఖానలో సున్నపు నీళ్ల లాంటి తెల్లటి మందు గుటక గుటకగా తాగించి ఎక్స్‌రే తీశారు. గొట్టం వేసి లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. డాక్టరు ఎక్స్‌రే ఫిలింను కిటికీ వెలుతురుకు పెట్టి మాకు చూపించాడు. తెల్లటి దారి పైన వెడల్పుగా ఉంది, మధ్యకు వచ్చేసరికి ఎలుక కొరికినట్టు అంచులు చెదిరి, దారం అంత సన్నమైంది. "ఇది అన్ననాళం. ఇక్కడ కాన్సర్ గడ్డ. ఎన్నాళ్ల నుంచి మింగుడు పడట్లేదు?" అన్నాడు.

"ఐదు నెలల సంది," అన్నాడు మా ఆయన.

"ఐదు నెలలు ఏం చేశారు?"

ముందే వస్తే ఆపరేషన్‌కు వీలుండేదేమో, ఇప్పుడు చెప్పలేనని, ఇంత బలహీనంగా ఉన్న మనిషి దేనికీ తట్టుకోదని అన్నాడు. ఆకలితో చనిపోకుండా పొట్టకు చిన్న కోత పెట్టి రబ్బరు గొట్టం వేస్తామని, తిండి నేరుగా కడుపులోకి పోయాలని చెప్పాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ముందే వస్తే అన్న మాట నా ఒక్కదానికే చెప్పినట్టనిపించింది.

ఇంత జరిగాక నా మీది నింద పోయిందనుకుంటున్నారా. ఆడబిడ్డ ఫిలిం చూసి, "ఆ గడ్డ మందుదే. డాక్టర్లకేం ఎర్క," అంది.

గొట్టం వేసిన మూడో రోజు వార్డులో పెద్ద సిస్టరు నన్ను పక్కకు పిలిచింది. జుట్టు నెరిసిన మనిషి, నవ్వడం నేను చూడలేదు. "ఇంట్ల చేసేది నువ్వేనా? అయితే మంచిగ చూడు, మల్ల మల్ల చెప్ప," అంది. అలా అంటూనే నాలుగు సార్లు చెప్పింది. గంజి గాని, పాలు గాని, పెసరపప్పు కట్టు గాని పలచగా కాచి, సన్నటి గుడ్డలో వడకట్టాలి, ఒక్క పలుకు పోయినా గొట్టం మూసుకుపోతుంది. గోరువెచ్చగా ఉందో లేదో మణికట్టు మీద చుక్క వేసి చూడాలి. మనిషిని దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టాలి. గరాటుతో నెమ్మదిగా పోయాలి, దానంతట అది దిగాలి, ఒత్తకూడదు. చివర మంచినీళ్లు పోసి కడిగి, లోపలికి గాలి పోకముందే గొట్టం మడిచి కట్టాలి. పోసిన తర్వాత అరగంట పడుకోనీయొద్దు. గొట్టం చుట్టూ కడుపులోని పుల్లటి నీళ్లు ఊరి చర్మం కాలుతుంది, తుడిచి తెల్లటి మలాం రాయాలి. తినని నోరని వదిలేయొద్దు, ఉప్పునీళ్ల గుడ్డతో పూటపూటా తుడవాలి. ఉమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకుండా తల ఎప్పుడూ ఎత్తుగా ఉండాలి.

"ఇది ఆమె నోరనుకో," అంది సిస్టరు గొట్టం చూపించి. "నోట్ల పెట్టంది దీంట్ల పొయ్యకు."

మొదటిసారి నేను గిన్నె పట్టుకుని మంచం దగ్గరికి వెళ్తే అత్తమ్మ గొట్టం మీద చెయ్యి అడ్డం పెట్టింది. నోటితో తింటే రుచి తెలుస్తుంది, తేడా ఉంటే ఉమ్మేయొచ్చు. గొట్టంలో పోసింది ఆమె ఉమ్మేయలేదు. ఆ భయం నాకు అర్థమైంది.

"ముందు నువ్వు తాగు," అంది.

వార్డంతా చూస్తుండగా గిన్నెలోంచి ఒక గరిటెడు చేతిలో పోసుకుని తాగాను. అప్పుడు చెయ్యి తీసింది. ఆ రోజు నుంచి అదే పద్ధతి. రోజుకు ఆరు సార్లు, ప్రతిసారీ నేను ముందు తాగాలి, ఆమె నా గొంతు కదలడం చూడాలి, అప్పుడు గొట్టం విప్పనిస్తుంది. ఇంటికి వచ్చాక కూడా అదే. అన్నిసార్లూ ఏడుపు దిగమింగుకునే తాగాను అంటే అబద్ధం. కొన్నిసార్లు కావాలని మూతి చప్పరించి, చాలా బాగుందన్నట్టు తాగేదాన్ని. ఆమె తిట్టేది. తిట్టే ఓపిక ఉన్నందుకు నాకు లోపల సంతోషం వేసేది.

ఒకరోజు నేను తాగి గిన్నె దించగానే, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది.

గొట్టంలో పోసేదానికి ఉప్పుతో పనేముంది. అయినా సరిపోయిందన్నాను. మర్నాడు పాలు తీపిగా ఉన్నాయా అంది. ఆ తర్వాత పప్పు కట్టు ఏం వాసనొస్తుందని అడిగింది. అప్పటి నుంచి నేను సిస్టరు మాట దాటకుండానే, కట్టులో ఇంత జీలకర్ర మరిగించి వడకట్టేదాన్ని, ఆమెకు చెప్పడానికి ఏదైనా ఉండాలని. ఇవాళ కొంచెం పులుపు తగిలిందత్తమ్మా, ఇవాళ మాడు వాసనొచ్చిందత్తమ్మా అని చెబితే, కళ్లు మూసుకుని వినేది. మాడు వాసన అంటే, "నీకు చిన్నమంట పెట్టుడు ఎన్నటికొస్తదే," అనేది. నన్ను తాగమనేది నా మీద అనుమానంతోనా, రుచి కోసమా అని అడగాలనిపించేది. అడగలేదు.

ఎండలు ముదిరేసరికి గొంతు బొంగురుపోయింది. గడ్డ ఒత్తిడి గొంతు నరం మీద పడిందని డాక్టరు చెప్పాడు. ఒకరోజు గొట్టం చుట్టూ తుడుస్తున్నాను. చర్మం ఎర్రగా కాలి ఉంది, ముట్టుకుంటే బిగపట్టుకునేది. మలాం రాస్తూ ఊదుతుంటే, నా చేతి మీద చెయ్యి వేసి, "నువ్వు మందు పెట్టలేదే. నాకెర్కైంది," అంది.

అన్నాళ్లూ ఆ మాట కోసమే కాచుకుని ఉన్నాను. వింటే గట్టిగా ఏడుస్తాననుకున్నాను. తీరా విన్నాక మలాం డబ్బా మూత ఎక్కడ పెట్టానో వెతుక్కుంటూ కూర్చున్నాను.

ఆ ఐతారం ఆడబిడ్డ వచ్చింది. ఆరేడు నెలల నుంచి మా ఇంట్లో గుక్కెడు నీళ్లు ముట్టని మనిషి. వాడకట్టు ఆడవాళ్లు ఇద్దరు కూడా చూడ్డానికి వచ్చి కూర్చున్నారు. అత్తమ్మ నాతో నీళ్లు తెమ్మని సైగ చేసింది. తెచ్చాను. బిడ్డ వైపు తిరిగి, ఆ బొంగురు గొంతుతోనే, "తాగు," అంది. ఆడబిడ్డ చెంబు పట్టుకుని చూస్తూ కూర్చుంది. "మూడు నెలల సంది దీని చేతి గంజి మీదనే బతుకుతాన్న. నాకు కానిది నీకైతదా? తాగు."

ఆడబిడ్డ తాగింది. చెంబు కింద పెట్టి తలొంచుకుంది. మగ్గం గదిలో అటూ ఇటూ ఆడే నాడె చప్పుడు ఆగిపోవడం నాకు తెలిసింది. వాడకట్టు ఆడవాళ్ల ముందు అన్న మాట కాబట్టి సాయంత్రానికి కొత్తవాడంతా పాకింది. నా పేరు నాకు తిరిగొచ్చింది.

అక్కడితో నేను ఊరుకుని ఉంటే బాగుండేదా, నాకు ఇప్పటికీ తెలియదు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం గంజి పోయడానికి కూర్చున్నాను. నేను తాగి, ఇవాళ కమ్మగా ఉందని చెప్పాను. అత్తమ్మ పైకప్పు వైపు చూస్తూ గుసగుసగా అంది: "గన్ని నెలలు కక్కిచ్చిండ్రు నన్ను. దవాఖానకు పోదమని ఎవలన్న ఒక్కలు ఎందుకనలేదో."

ఆమె నన్ను నిందించలేదు. ఎవరినీ నిందించలేదు. చేతిలో గిన్నె ఉంది, బయట ఎండ, పక్కింట్లో నూలుకు గంజి పెడుతున్న వాసన. నేను తల ఊపి గరాటు అందుకుంటే సరిపోయేది. కానీ నా మీది అబద్ధాన్ని ఆమె అందరి ముందు తీసేసింది, నేను ఆమె ముందు ఇంకో అబద్ధంతో కూర్చోలేకపోయాను.

"నాకు ముందే ఎర్క అత్తమ్మా," అన్నాను. "దీపావళికి పోయినప్పుడే మా చిన్నాయిన చెప్పిండు, గొట్టంల గడ్డ గావచ్చు, జల్ది తోలుకపోండ్రని. వద్దన్నోళ్లే పెట్టినోళ్లని వదినె అన్నది గద. నన్నే అంటరని భయపడి ఊకున్న."

ఆమె తల తిప్పి నా ముఖం చూసింది. కోపం వస్తే తట్టుకునేదాన్ని, తిడితే ఇంకా బాగుండేది. చెయ్యెత్తి మగ్గం గది వైపు చూపించింది. నాకు అర్థం కాలేదు. మళ్లీ చూపించింది. మా ఆయన్ని పిలిచాను. అతను జుట్టు నిండా దూదిపింజలతో వచ్చి నిలబడితే, నా చేతిలోని గిన్నెను చూపించి, అతణ్ని చూపించింది.

ఆ పూట గంజి అతను పోశాడు. అలవాటు లేక సగం దుప్పటి మీద ఒలికించాడు. నేను గుమ్మంలో నిలబడి, నెమ్మదిగ పొయ్యి, చివరకు నీళ్లు మర్చిపోకు అని చెబుతూ ఉన్నాను. ఆమె నా వైపు చూడలేదు.

ఆ తర్వాత పదహారు రోజులు బతికింది. ఆ పదహారు రోజులూ కాచడం, వడకట్టడం నాది, పోయడం కొడుకుది. నోరు తుడవనిచ్చేది, పక్క మార్చనిచ్చేది, గొట్టం దగ్గరికి మాత్రం రానివ్వలేదు. రుచి ఎలా ఉందని మళ్లీ అడగలేదు. చివరి రోజుల్లో కొడుకు చేతి మీదుగా పోవాలని ఉందేమో పాపం, అన్నారు అందరూ. మా ఆయన కూడా అలాగే అనుకున్నాడు. అతను నన్ను ఏమీ అడగలేదు, ఆ రోజు వాసన చూసిన సంగతి నేనూ ఎత్తలేదు.

నేను ఒక విషయం ఇన్నేళ్లుగా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ పదహారు రోజుల్లో ఆడబిడ్డ ఐదారు సార్లు వచ్చింది. తల్లి చెవి దగ్గర నోరు పెట్టి మాట్లాడేది, ఆమె కూడా గుసగుసగా జవాబిచ్చేది. ఒక్క మాట చెబితే చాలు, నా బతుకు మళ్లీ మొదటికొచ్చేది. చెప్పలేదు. బిడ్డకూ చెప్పలేదు, కొడుక్కూ చెప్పలేదు. నన్ను క్షమించిందని మాత్రం అనుకోను. క్షమిస్తే గొట్టం నా చేతికి ఇచ్చేది.

దినాల భోజనాల్లో వడ్డన నాదే. ఆడబిడ్డ విస్తరి ముందు కూర్చుని, పక్కనున్న వాళ్లందరికీ వినపడేలా అంది: "కన్నబిడ్డను నేను గాదు, ఇదే. మా అవ్వను గిట్ల చూసుకున్నోళ్లు లేరు." తర్వాత నా వైపు విస్తరి జరిపి, ఇంకొంచెం అన్నం పెట్టమంది. పెట్టాను.